వరి వెన్నంటి – 9: పరీక్ష తప్పిన మసూరి

కిందటి భాగం ఆచంట పొలం గట్టు మీద ఆగింది. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేసిన 1965, 66 కరువులు, అమెరికా గోధుమ ఓడ ఎప్పుడొస్తుందా అని ఢిల్లీ ఎదురుచూసిన రోజులు, ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో పీటర్ జెన్నింగ్స్ చేసిన ఎనిమిదో సంకరం ఐఆర్ 8గా బయటికి రావడం, 1967లో నెక్కంటి సుబ్బారావు దాన్ని తన చేలో పండించి చూపించడం చెప్పుకున్నాం. తమిళనాట ఒక రైతు ఆ సంబరంలో కొడుక్కి 'ఐఆర్ ఎట్టు' అని పేరు పెట్టుకున్న సంగతి కూడా.

అంతగా ఊరేగిన ఐఆర్ 8ని ఇవాళ మన ఇళ్లలో ఎవరూ వండుకోవడం లేదు. హైదరాబాద్ కిరాణా కొట్లోనైనా, డల్లాస్‌లో మనవాళ్లు మోసుకెళ్లే 20 పౌన్ల సంచి మీదైనా కనిపించే పేరు వేరు. సోనా మసూరి, సాంబ మసూరి. ఈ మసూరి మైసూరు నుంచి వచ్చిందని కొందరు, ముస్సోరీ కొండల నుంచి దిగిందని కొందరు, మసూర్ పప్పుకు చుట్టమేమోనని మరికొందరు అనుకుంటారు. మూడూ కావు. దాని కథ ఐఆర్ 8 కంటే ముందే మొదలైంది. అందుకని ఈ భాగంలో కొన్నేళ్లు వెనక్కి, గోదావరి దాటి మహానది ఒడ్డుకి వెళ్లాలి.

1943 బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసుకుపోయాక, తెల్లదొరల ప్రభుత్వానికి వరి మీద ఒక పెద్ద పరిశోధన సంస్థ ఉండాలని తట్టింది. 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలిసింది. దానికి మొదటి డైరెక్టర్ కె. రామయ్య. కోయంబత్తూరు వరి కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసి, వరి మొక్కను చూపుతోనే చదవగలిగిన మనిషి. కటక్‌లో ఆయన ముందున్న చిక్కు ఏ రైతునడిగినా చెప్పేదే. చేనుకు బలం పెడితే చేను పడిపోతోంది.

మన వరి నిలువెత్తు పెరిగేది. ఊరికే పెరగలేదు. వరదొస్తే తల పైకి పెట్టుకోవాలి, కలుపును నీడ కింద అణచాలి, పశువుకు గడ్డి కావాలి, ఇంటి మీదికి కప్పు కావాలి. ఇవన్నీ చూసుకునే రైతులు తరతరాలుగా ఎత్తు వంగడాలను ఏరి దాచుకున్నారు. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, బాసంగి, గరికసన్నాలు, నెల్లూరు మొలగొలుకులు ఆ పంక్తిలోవే. పేడ ఎరువు, చెరువు మట్టితో ఇవి బాగానే నెట్టుకొచ్చాయి. అమ్మోనియా బస్తాలు వచ్చాకే తంటా. చల్లిన బలమంతా ఆకుకూ కాడకూ పోయి, సరిగ్గా గింజ పాలుపోసుకునే వేళకు చేనంతా చాపలా పరుచుకునేది. నీళ్లలో నానిన వెన్నుకు మొలకలు. ఇంక కోతేమిటి, నూర్పేమిటి.

జపాన్ వరిది దీనికి తిరగేసిన స్వభావం. పొట్టిగా, గట్టిగా ఉండి, పెట్టిన ఎరువును గింజగా మార్చేది. కానీ దాన్ని తెచ్చి మన ఎండలో నాటితే పిలకలైనా సరిగ్గా వేయకుండానే కంగారుగా పూతకొచ్చేసేది. అన్నమేమో ముద్ద ముద్దగా అంటుకునేది.

ఈ రెండింటినీ కలిపితే అన్నది రామయ్య ఆలోచన. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని అందుకుంది. 1950ల ఆరంభంలో కటక్‌లో ఇండికా–జపానికా సంకర పథకం మొదలైంది. ఆసియా దేశాలు తమతమ మంచి వరిని కటక్‌కు పంపుతాయి. కటక్ వాటిని జపాన్ రకాలతో కలిపి పుట్టిన విత్తనాన్ని ఎవరిది వాళ్లకు తిరిగి పంపుతుంది. ఆ తర్వాత ఏరుకోవడం, పెంచుకోవడం ఆయా దేశాల పని. స్వాతంత్ర్యం వచ్చి పట్టుమని పదేళ్లు కాని, కొన్నింటికి ఇంకా రానే రాని దేశాలు ఒకే మడిలో విత్తనం పంచుకోవడం ఇప్పుడు తలచుకుంటే వింతగానే ఉంటుంది.

వరికి వరిని కలపడం అనగానే ఏదో గాజు బుడ్ల పని అనుకుంటాం గానీ, నిజానికి అది కంసాలి పనికి దగ్గర. వరి పువ్వు పొద్దెక్కాక కాసేపు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ కాసేపట్లోనే తన పుప్పొడి తన మీదే రాలిపోతుంది. పరాయి పుప్పొడికి సందు దొరకాలంటే ఆ పువ్వు తెరుచుకునే లోపే పట్టుకోవాలి. వెన్నును కుండీతో సహా ముందు పెట్టుకుని, సన్న కత్తెరతో ఒక్కో గింజ పొట్టు కొన కోసి, పట్టకారుతో లోపలి ఆరు పుప్పొడి తిత్తుల్ని చిట్లకుండా బయటికి తీయాలి. ఒక్కటి మిగిలినా పనంతా వృథా. తీశాక కాగితం సంచి తొడిగి, మర్నాడు ఆ వేళకే తండ్రి మొక్క వెన్ను తెచ్చి పైన దులపాలి. ఒక వెన్నుకు ఎన్ని గింజలు కడతాయో దేవుడికెరుక. పైగా జపాన్ రకాలు తొందరగా పూసేవి, మనవి తీరిగ్గా పూసేవి. రెండూ ఒకేరోజు పుయ్యాలంటే నారు వారానికొక విడత పోసుకుంటూ పోవాలి. కటక్ వేసవిలో రేకుల నీడన ఈ పని చేసిన కూలీల పేర్లు, సహాయకుల పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు. సంకరం ఎవరు చేశారు అన్నచోట ఎప్పుడూ ఒక అధికారి పేరే ఉంటుంది.

ఇంత కష్టపడి కలిపితే, పుట్టిన బిడ్డల్లో చాలా వాటికి గింజ పట్టలేదు. ఇండికా, జపానికా రెండూ వరే అయినా వేల ఏళ్లుగా వేరుపడ్డ శాఖలు. వాటి సంకరాల్లో వెన్ను నిండా తాలే. గింజ పట్టిన వాటిలోనూ కొన్నింటికి ఇద్దరి మంచీ కాక ఇద్దరి చెడూ వచ్చేది. కాడేమో మనది, అన్నమేమో వాళ్లది.

దశాబ్దం పైగా సాగిన ఆ పథకంలో 700కు పైగా సంకరాలు చేశారు. చివరికి రైతు చేతికి వెళ్లినవి లెక్కకు నాలుగు. తంజావూరు కురువై పంటకు సరిపోయిన ఏడీటీ 27, ఆస్ట్రేలియాకు వెళ్లిన సర్క్నా, మలయాలో మలింజా, మసూరి. 700కు నాలుగు అంటే ఏ ఆడిటరైనా కళ్లజోడు సవరించుకుంటాడు. వరి శాస్త్రజ్ఞుల్లో ఆ పథకానికి దాదాపు విఫలమన్న పేరే స్థిరపడింది. ఈలోగా 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లేచింది. వాళ్లు జపాన్ వరి మీద ఆధారపడలేదు. తైవాన్‌లో పొట్టి ఇండికా ఒకటి, డీ–జియో–వూ–జెన్, ఉందని పట్టుకుని నాలుగేళ్లలో ఐఆర్ 8ని తయారు చేశారు. కటక్ కష్టం మీద దుమ్ము పడింది.

కానీ ఆ నాలుగింటిలో చివరిదాన్ని చూడండి. ఒక వైపు తైచుంగ్ 65. తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉన్నప్పుడు, జపాన్ వరిని అక్కడి ఉక్కకు అలవాటు చేసి 1929లో వదిలిన రకం. అంటే కొంత ఎండ చూసిన జపానికా. మరో వైపు మయాంగ్ ఎబోస్ 80, మలయా సొంత ఇండికా. ఈ జంటకు పుట్టినదాన్ని మళ్లీ మయాంగ్ ఎబోస్‌తోనే కలిపారు. దాంతో రక్తంలో ఎక్కువ పాలు మలయాదే అయింది. గింజ పట్టే బాధ తగ్గింది, అన్నం పొడిపొడిగా వచ్చింది. కటక్‌లో కడుపున పడి మలయా మళ్లలో పెరిగిన ఈ రకాన్ని 1965లో రైతులకు వదిలారు.

పేరు మాత్రం లంకావి దీవి కథలోది. మసూరి అనే అందగత్తె మీద రంకు నింద మోపి చంపేస్తే, ఆమె ఒంటి నుంచి తెల్లని రక్తం పారిందని, దీవికి ఏడు తరాల శాపం పెట్టి ప్రాణం విడిచిందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. వరికి ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ, నింద పడటం మాత్రం దీనికీ తప్పలేదు.

1960ల చివర మసూరి మన దేశం తిరిగొచ్చింది. వచ్చిన సమయమే మంచిది కాదు. 1965లో హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పరిశోధన పథకం మొదలైంది. దాన్ని నడిపినది ఎస్.వి.ఎస్. శాస్త్రి. అంతకుముందు వరి పరీక్షలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, ఏ కేంద్రానికి ఆ కేంద్రం తమ పద్ధతిలో చేసుకునేవి. శాస్త్రి వాటన్నిటినీ ఒక తాడు మీదికి తెచ్చి, ఒకే విత్తనాన్ని ఒకే పద్ధతిలో దేశమంతా నాటించారు. 1968లో జయ వచ్చింది. మన దేశంలోనే మన వాళ్లు ఏరిన పొట్టి వరి, ఐఆర్ 8కు పోటీగా నిలబడిందని హైదరాబాద్‌లో ఆనందం. అటు కటక్ సంస్థ డైరెక్టర్ ఆర్.హెచ్. రిఛారియా ఈ పరాయి విత్తనాలు కొత్త తెగుళ్లను తెస్తాయని, దేశవాళీ వరిలో ఉన్న సంపద వదిలేసి వీటి వెంట పడొద్దని వాదిస్తూ ఉన్నారు. ఆ గొడవల మధ్యే ఆయన డైరెక్టర్ పదవి పోయింది. తెగుళ్ల విషయంలో ఆయన చెప్పినదాంట్లో ఎంత నిజముందో వచ్చే భాగాల్లో చూస్తాం.

ఆ రోజుల్లో వరికి అందం అంటే ఒకటే. నడుము దాటకూడదు, ఎరువెంత పెట్టినా నిటారుగా నిలబడాలి. మసూరి మనిషి ఛాతీ దాకా పెరిగేది. కాడ మెత్తన, బలం పెడితే వాలిపోయేది. పరీక్ష మళ్లలో పొట్టి వాటి పక్కన దాన్ని నిలబెట్టి దిగుబడి తూచారు. తూకంలో తేలిపోయింది. అధికారికంగా దాని కథ అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. మన ఆంధ్రలో ఒక పరిశోధన క్షేత్రంలో పనిచేసే కూలి మనిషి, పారేయబోయే మసూరి గింజల్ని కాసిని తీసుకెళ్లి ఊళ్లో వేశాడని, అక్కణ్ణుంచి అది చేతులు మారిందని చెప్తారు. ఆ కూలి ఎవరో ఎవరూ రాసి పెట్టలేదు. వ్యవసాయ శాఖ సిఫారసు లేకుండానే 1970లలో మసూరి డెల్టాలోనూ, ఆ తర్వాత తూర్పు రాష్ట్రాల్లోనూ పాకింది. నేపాల్‌లో దాని పేరు మసూలి అయింది. తమిళనాట పొన్ని అయింది. ఏ సభ జరిగింది, ఏ మంత్రి రిబ్బను కోశాడు అని వెతికితే ఏమీ దొరకదు.

దీని వెనక రహస్యం చేలో లేదు, వంటింట్లో ఉంది. ఐఆర్ 8 గింజ లావు, మధ్యలో సుద్దలాంటి తెల్లటి మచ్చ. మిల్లులో ఆడిస్తే సగం నూకలయ్యేవి. అన్నం వేడిగా ఉన్నంతసేపూ సరే, చల్లారితే గట్టిపడేది. ఇది చిన్న విషయం కాదు. పొద్దున్నే చద్దన్నం తిని చేలోకి పోయే ఇళ్లలో రాత్రి అన్నం పొద్దుటికి ఎలా ఉందన్నదే లెక్క. గింజలోని పిండి పదార్థంలో అమైలోజ్ పాలు బాగా ఎక్కువైతే అన్నం ఇలా బిగుసుకుంటుంది. పరీక్ష మడిలో అమైలోజ్‌కు గడి లేదు. మసూరిది సన్నగింజ, మెత్తటి అన్నం, పొద్దుటికీ విడివిడిగా ఉండేది. ఇంకో మాట చెప్పాలి. చాలా ఇళ్లలో ఐఆర్ 8 పండించారు, కానీ తినలేదు. మిల్లుకు, లెవీకి అది, ఇంటి గాదెకు సన్నరకం. కూలికి మాత్రం కొలిచి పెట్టింది లావు బియ్యమే. ఒకే పొలం నుంచి రెండు పంక్తులు లేచాయి. ఈ సంగతి హరిత విప్లవం గురించిన పుస్తకాల్లో కన్నా, ముసలమ్మలను కూర్చోబెట్టి అడిగితే బాగా తెలుస్తుంది.

గడ్డి మాట కూడా ఉంది. పొట్టి వరి కోశాక వాము సగానికి పడిపోయింది. ఎడ్లు, గేదెలు ఉన్న రైతుకు అది నేరుగా నష్టం. మసూరి ఎకరం కోస్తే వాము నిండేది. పైగా ఎరువు తక్కువేసినా మొహం మాడ్చుకోదు. 1973లో చమురు ధర లేచి ఎరువు ధర ఆకాశానికి పోయినప్పుడు, బస్తా కొనలేని రైతుకు మసూరి ఆదుకున్న చుట్టంలా కనిపించి ఉంటుందని నా అనుకోలు. కాబట్టి దాళ్వాకు పొట్టి రకం, సార్వాకు మసూరి అన్న పంపకం చాలా చోట్ల దానంతటదే కుదిరింది.

ఒకటే భయం. సార్వా చేను కోతకొచ్చేది కార్తీకంలో, బంగాళాఖాతం గిర్రున తిరిగేదీ అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి తెలియని తెలుగువాడు ఉండడు. ఆ స్థాయిది కాకున్నా ఏటా ఏదో ఒక గాలివాన తీరం తాకుతూనే ఉంటుంది. ఛాతీ ఎత్తు మసూరి ఆ గాలికి ఆగేది కాదు. పడిన దుబ్బుల్ని నాలుగైదు చొప్పున కలిపి కట్టి నిలబెట్టడానికి ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్లలోకి దిగేవారు. పండితే పండగ, పడితే పీడ. అన్నం మసూరిదీ, కాడ ఐఆర్ 8దీ ఉన్న వరి ఒకటి కావాలని రైతే అడగడం మొదలుపెట్టాడు. రామయ్య కటక్‌లో అడిగిన ప్రశ్నే, ఇరవై ఏళ్ల తర్వాత, ఈసారి కింది నుంచి పైకి వచ్చింది.

దానికి జవాబు చెప్పింది ఢిల్లీ కాదు, లాస్ బాన్యోస్ కాదు. పశ్చిమ గోదావరిలోని మారుటేరు, గుంటూరు సీమలోని బాపట్ల.

మారుటేరు కేంద్రం 1925 నాటిది. ఎంటీయూ అన్న అక్షరాలు దాని ముద్రే. అక్కడ వసిష్ఠ అనే పొట్టి వంగడంతో మసూరిని కలిపారు. వసిష్ఠ అంటే గోదావరి పాయ పేరు కూడా, కాబట్టి లంకావి అమ్మాయికి గోదావరి సంబంధం కుదిరిందన్నమాట. ఏటా వేల మొక్కల్లోంచి ఏరుకుంటూ, తరం మీద తరం స్థిరపరుస్తూ వచ్చి 1982లో ఎంటీయూ 7029ని వదిలారు. పొట్టు బంగారు ఎరుపు, అందుకు తగ్గట్టు పేరు స్వర్ణ. మసూరి లాగే తక్కువ ఎరువుతో సర్దుకుంటుంది, మసూరి లాగా పడిపోదు. ఇదీ అమ్మ దారే పట్టింది. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ నేలల్లోకి వెళ్లి, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో గుటి స్వర్ణ అనిపించుకుంది. సంచిలో పోసుకుని దాటించిన వాళ్లెవరో మళ్లీ ఎవరికీ తెలియదు.

బాపట్ల వాళ్ల దృష్టి మొదటి నుంచీ పళ్లెం మీదే. వాళ్లు ఎంచుకున్న మరో వంశం వెనక జీఈబీ 24 ఉంది. కోయంబత్తూరులో పార్నెల్ అనే తెల్లదొర కాలంలో, కోనమణి అనే పాత వరి మడిలో తేడాగా కనిపించిన ఒక మొక్క నుంచి ఏరి 1921లో వదిలిన సన్నరకం. జనం దాన్ని కిచ్చిలి సాంబ అన్నారు. దాన్ని తైవాన్ పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, ఆ సంతానాన్ని మసూరితో కలిపారు. 1986లో బీపీటీ 5204 బయటికొచ్చింది. సాంబ ఇంటి పేరు, మసూరి ఒంటి పేరు. దాని అక్కచెల్లెలు బీపీటీ 3291కి సోనా మసూరి అన్న పేరు పడింది. కర్నూలు కాలువల కింద పండితే కర్నూలు సోనా. ఇవాళ సోనా మసూరి పేరుతో అమ్మే సంచిలో ఉన్నది నిజంగా ఏ నంబరు అన్నది మిల్లరుకే తెలియాలి. ఆ గుట్టు విప్పబోతే ఈ భాగం సరిపోదు.

సాగర్ ఎడమ కాలువ కింద, కుడి కాలువ కింద, ఇటు తెలంగాణలో చెరువుల కింద బీపీటీ పరుచుకున్న వేగం చూసి మిల్లులే తమ రాళ్లు, జల్లెడలు మార్చుకున్నాయి. పెళ్లి భోజనం అంటే బీపీటీ అన్నమే అన్నంత వరకూ వెళ్లింది. దిగుబడిలో దాన్ని మించినవి తర్వాత ఎన్నో వచ్చాయి. వాటికి పరీక్ష మడిలో మార్కులు పడ్డాయి, అంగట్లో పడలేదు. కొత్త వరిని వదిలే ముందు వండి వడ్డించి, నలుగురితో రుచి చూపించాలన్న జ్ఞానం మన పరిశోధన కేంద్రాలకు మసూరి నేర్పిన పాఠమే అని నేను అనుకుంటాను. దాన్ని తూకంలో తప్పించిన వాళ్లు తప్పు చేశారని కాదు. వాళ్ల తక్కెడలో పళ్లెం లేదు, అంతే.

అయితే ఒక్క రకం ఇన్ని లక్షల ఎకరాల్లో పరుచుకుంటే తెగులుకు అదే విందు. ఎండాకు తెగులైనా, అగ్గితెగులైనా, దోమపోటైనా ముందు తలుపు తీసేది బీపీటీయే. స్వర్ణకు ఇంకో గండం. పల్లపు నేలల్లో వరదొచ్చి వారం పది రోజులు మునిగితే, పొట్టిదవడంతో తల పైకి పెట్టే దారి లేక, నీళ్లలోనే కుళ్లిపోయేది. ఎత్తు తగ్గించి గాలి నుంచి కాపాడిన వరిని ఇప్పుడు నీరు మింగడం మొదలుపెట్టింది.

ఆ నీళ్ల అడుగున రెండు వారాలు ఊపిరి బిగపట్టి, వరద తీశాక మళ్లీ పచ్చగా లేచే ఒక ముతక వరి ఒడిశా పల్లాల్లో ఎప్పటినుంచో ఉంది. ధల్‌పుట్టియా అంటారు. తినడానికి ఎవరూ ఇష్టపడరు, సంతలో ధర పలకదు. దానిలోంచి ఒక్క జన్యువును తీసి స్వర్ణలోకి దింపడానికి అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో, మన కటక్‌లో జరిగిన పని గురించి వచ్చే భాగంలో. హైదరాబాద్‌లో రెండు ప్రయోగశాలలు కలిసి బీపీటీ ఎండాకు తెగులుకు మందు వెతికిన కథ కూడా దానితోపాటే వస్తుంది. రిఛారియా కూడా మళ్లీ కనిపిస్తారు, ఈసారి రాయ్‌పూర్‌లో, వేల దేశవాళీ విత్తనాల సంచుల మధ్య.